మా కోడలి పరీక్షకు మా సాంచెలే కోచింగ్

పరీక్షకు చదివేవాళ్ళకు నిశ్శబ్దం అస్సలు పనికిరాదు! ఈ మాట నేను ముంబై దగ్గరి భివండీలో, గైబీ నగర్‌లో, ఆడుతున్న మరమగ్గాల నెత్తిన కూర్చుని, పూర్తి బాధ్యతతో రాస్తున్నాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. కింద కార్ఖానా, పైన కాపురం. నేల, గోడలు, టీ గ్లాసు, నా పెన్ను, అన్నీ కలిసి వణుకుతుంటాయి. అక్షరాలు వంకరపోతే మన్నించండి.

మా చిన్నకోడలు అరుణజ్యోతి స్పెషల్ టీచర్ల అర్హత పరీక్షకు చదువుతోంది. చూపు, వినికిడి, నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్ల పరీక్ష అది. పోయినసారి కొద్దిలో తప్పింది. ఈసారి గట్టెక్కకపోతే పుస్తకాలు అటకెక్కించి కార్ఖానా పనే చూసుకుంటానని తనే అంది. పరీక్ష వచ్చే నెలలో ఉంది.

ఆ పిల్ల జగిత్యాల దగ్గరి పల్లెలో పెరిగింది. పాపం, నిశ్శబ్దం అలవాటు!

"మామా, పొద్దుమీకి రెండు గంటలు సాంచెలు బంద్ పెడ్తరా? ఒక్క ముక్క బుర్రకెక్కుతలేదు" అని, సాయంత్రాలైనా చదువుకుందామని అడిగింది.

నేను వెంటనే ఒప్పుకోలేదు. తర్వాత కూడా ఒప్పుకోలేదు. కోడలి భవిష్యత్తు మీద నాకు అంత శ్రద్ధ!

ఆలోచించండి. పట్నాల్లో పిల్లల చదువు పాడయ్యేది దేనివల్ల? ఫోన్ వల్ల. మా ఇంట్లో ఫోన్ ఎంత మోగినా వినపడదు. ఇక కోడళ్ళ చదువు పాడయ్యేది దేనివల్ల? అత్తల సాధింపుల వల్ల. నా భార్య పెంటవ్వ అత్తగారి హోదాలో పొద్దున్నుంచీ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. కోడలూ తక్కువ తినలేదు, తిరిగి ఏదో అంటూనే ఉంటుంది. ఇద్దరికీ ఒక్క ముక్క వినపడదు. మా ఇంట్లో అత్తాకోడళ్ళ గొడవ జరుగుతోందన్న సంగతి ఆ ఇద్దరికీ ఇప్పటిదాకా తెలియదు!

ఇంతటి భాగ్యం ఎన్ని ఇళ్ళలో ఉంది చెప్పండి?

నిద్ర సంగతి సరేసరి. సాంచెలు ఆడుతుంటే హాయిగా గుర్రు పెడతాం. కరెంటు పోయిందా, పేటంతా ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. ఎవరికో ఏదో అయిందని ఒకరి ఇంటికి ఒకరు పరుగెత్తుతారు. నిశ్శబ్దం ఎంత ప్రమాదకరమో ఇంతకన్నా రుజువు కావాలా?

కోడలు నా మాట వినకుండా పుస్తకం పట్టుకుని వరాలా తలావ్ చెరువు దగ్గరికి వెళ్ళింది. చల్లగాలి, నీళ్ళు, బెంచీలు ఉంటాయి కదా అనుకుంది. కానీ అక్కడికి సాయంత్రం వాకింగ్‌కు వచ్చేదెవరు? మా సాంచెలవాళ్ళే! చెవిలో రహస్యం చెబితే కల్యాణ్ స్టేషన్‌లో వినపడే గొంతులు. పక్క బెంచీ మీద బుచ్చిరాములు తన మూలశంక బాధను స్నేహితుడికి చాలా గుట్టుగా చెప్పుకున్నాడట. కోడలు ముఖం ఎర్రగా చేసుకుని ఇంటికి వచ్చేసింది. ఆ గుట్టు ఆమెకంటే ముందే మా పేట చేరింది.

పోనీ, ఆ పరీక్షకు చదవాల్సింది మాత్రం ఏముంది? నేనూ ఓసారి పుస్తకం తిరగేశాను. వినికిడి తక్కువైన పిల్లల ముందు నిలబడి, ముఖం కనపడేలా మాట్లాడాలట. సైగలు చేయాలట. పిలవాలంటే భుజం తట్టాలట. దీన్ని చదువంటారా? ఇది మా కార్ఖానా మర్యాద! మా పనివాళ్ళు రోజంతా మాట్లాడుకునేది చేతులతోనే. టీ కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెడతారు. సేట్ వస్తున్నాడంటే మీసం మెలేస్తారు. నాకు మీసం లేదు. అయినా నా గుర్తు అదే, ఏం చేస్తాం!

అంటే లక్షలు పోసినా దొరకని ట్రైనింగ్ కాలేజీలో ఆ పిల్ల కాపురం చేస్తోందన్నమాట. అలాంటి కాలేజీని రోజుకు రెండు గంటలు మూసెయ్యమంటే నేనెలా ఒప్పుకుంటాను?

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం కరెంటు పోయినప్పుడు కోడలు భోజనాల దగ్గర పుస్తకం తెరిచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. వినికిడి లోపానికి గుర్తులట. పిలిస్తే వెంటనే పలకరు. టీవీ సౌండ్ బాగా పెంచుతారు. మాట్లాడేవాళ్ళ పెదవుల వంక చూస్తారు. చెప్పిందే మళ్ళీ చెప్పమంటారు. మామూలు మాటలు కూడా అరిచినట్టు మాట్లాడతారు. చదివి, తలెత్తి, నా వంక చూసింది.

"ఆఁ?" అన్నాను నేను.

ఇంకేం, ఇంట్లో అందరికీ పరీక్షలు మొదలయ్యాయి! కరెంటు పోయినప్పుడల్లా కోడలు స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని ఒక్కొక్కరి వెనక నిలబడి మోగించేది. పెంటవ్వ రెండో దెబ్బకు తిరిగింది. నేను మూడో దెబ్బకు తిరిగాను. నా తప్పేం లేదు, గరిటె చిన్నది.

మా పెద్దకొడుకు కూతురు నమ్రత అసలే తిరగలేదు.

నమ్రతకు నాలుగేళ్ళు. దాని గురించి మేం పేటంతా గొప్పలు చెప్పుకునేవాళ్ళం. ఉయ్యాల సాంచెల పక్కన కట్టినా కళ్ళు తెరిచేది కాదు. "అసలైన పద్మశాలోళ్ళ బిడ్డంటే గట్ల ఉండాలె!" అని చూసినవాళ్ళంతా మెచ్చుకునేవాళ్ళు. పిల్ల పెద్దదయ్యాక నాలుగైదు మాటలకు మించి మాట్లాడేది కాదు. అదీ గొప్పే! లొల్లి చెయ్యని బిడ్డ, బంగారు తల్లి అని పెంటవ్వ రోజూ దిష్టి తీసేది. పిలిస్తే పలకదన్న సంగతి మాకు తట్టనే లేదు. మా ఇంట్లో పిలిస్తే పలికేదెవరు?

"ఆటల మీద ఉంది, దానికి ధ్యాస లేదు బిడ్డా" అన్నాను.

"ధ్యాస కాదు మామా. ఇంకోసారి చూడుండ్రి" అంది కోడలు. మళ్ళీ మోగించింది. నమ్రత బొమ్మకు జడ అల్లుకుంటూనే ఉంది.

"నా దిష్టే తగిలిందేమో. మనం గంత గొప్పలు చెప్పుకుంటిమి కదయ్యా" అని పెంటవ్వ ఏడ్చింది.

కోడలు పుస్తకాలు పక్కన పెట్టి, బావగారినీ తోటికోడలినీ వెంటబెట్టుకుని పిల్లను ఠాణేలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పుట్టుకతోనే రెండు చెవులకూ వినికిడి బాగా తక్కువన్నారు. మిషన్ పెడితే వింటుంది, ఓపికగా నేర్పితే మాటలొస్తాయి, ఇంకా ఆలస్యం కాలేదన్నారు. ఆ చివరి మాట విన్నాక గానీ మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. నేర్పే టీచరు మాత్రం మా పేట బడిలో లేదు. కోడలు ఆ రోజే మళ్ళీ పుస్తకం తెరిచింది.

అయినా నేను సాంచెలు ఆపలేదు. ఇప్పుడు ఆమె తప్పకుండా పాసవ్వాలి. అలాంటప్పుడు ఇంత మంచి కోచింగ్ మధ్యలో ఆపుతామా?

పోయిన వారం మిషన్ వచ్చింది. చెవులకు తగిలించుకుని నమ్రత ఠాణే నుంచి ఇంటికొచ్చింది. దారంతా బస్సు హారన్‌కు నవ్విందట, కాకి అరుపుకు నవ్విందట. గుమ్మంలో నేను ఎదురెళ్ళాను. మా ఇంటి వైభవం, తాతముత్తాతల వృత్తి, నేను ఇంతసేపూ మీకు వరమని చెబుతూ వచ్చిన ఆ మహా సంగీతం, అన్నీ మొదటిసారి దాని చెవిన పడ్డాయి.

పిల్ల ముఖం ముడుచుకుంది. రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. తర్వాత మిషన్లు రెండూ పీకి నా చేతిలో పెట్టేసింది.

నేను చాలా వాదనలు గెలిచినవాణ్ణి. ఈసారి మాత్రం మిషన్లు కోడలి చేతికిచ్చి, కిందికి దిగి మెయిన్ స్విచ్ ఆపేశాను. మా సాంచెలు ఒక్కసారిగా ఆగేసరికి ఏమైందోనని పక్క కార్ఖానా దేవయ్య బయటికొచ్చాడు. ఇకనుంచి రోజూ పొద్దుమీకి రెండు గంటలు ఇంతేనని సైగ చేసి చెప్పాను. నాకు పిచ్చెక్కిందన్న గుర్తుకు మా దగ్గర వేరే సైగ ఉంది, అతను అది చేశాడు.

పైకి వచ్చేసరికి కోడలు పిల్లకు మళ్ళీ మిషన్లు పెట్టింది. నమ్రత నా ఒళ్ళో కూర్చుని బొమ్మతో ఆడుకుంటోంది. కాసేపటికి చటుక్కున తల తిప్పి, వెనక వంటింటి గుమ్మం వైపు చూసి, పళ్ళన్నీ కనపడేలా నవ్వింది.

అక్కడ కోడలు నిలబడి ఉంది. మెల్లగా, మామూలు గొంతుతో, "నమ్రతా" అని పిలిచిందట. పిల్ల తిరిగింది కాబట్టి పిలిచిందని నాకు తెలిసింది. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉన్నా, నాకు మాత్రం వినపడలేదు.