పోలిరాజు గారి పతకాల సవరణ

సునామీ వచ్చి ఏడాది నిండిన రోజున, ముప్ఫై రోజుల్లో అండమాన్ దీవుల్లో పతకం లేని మాజీ సైనికుడి రికార్డు ఒక్కటి కూడా మిగలదని ప్రత్యేకాధికారి గణేశ్వరరావు గారు ప్రకటించారు. అసలు పతకమే రానివాళ్ళ సంగతేమిటని ఓ విలేకరి అడిగితే, "వాళ్ళ విషయం కూడా సానుభూతితో పరిశీలిస్తాం" అన్నారు. అంత పెద్ద మనసు మా ఊరి డెలానీపూర్ పేట ఆఫీసుల్లో ఇరవై ఏళ్ళలో నేను చూడలేదు. ఆ ఇరవై ఏళ్ళూ నేనున్నది ఆఫీసు గేటు బయటే. టైపు మిషన్ పెట్టుకుని జనానికి దరఖాస్తులు కొట్టిపెడుతుంటాను. నూటికి తొంభై తిరిగొస్తాయి కాబట్టి నాకెప్పుడూ పనికి కరువు లేదు.

ఈ మహత్కార్యానికి ఒక చరిత్ర ఉంది. సైనికుల సర్వీసు రికార్డుల నకళ్ళు అప్పట్లో జెట్టీ దగ్గర గోదాములో ఉండేవి. సముద్రం లోపలికొచ్చి వాటిని పట్టుకుపోయింది. ఆ తర్వాత గుమాస్తాలు కూర్చుని, గుర్తున్నంత మేరకు కొత్త రికార్డులు రాశారు. పుట్టిన తేదీ గుర్తులేని చోట జనవరి ఒకటి వేశారు. పతకాల దగ్గర ఏమీ తోచక గీత గీశారు. ఆ విధంగా మా దీవుల్లోని సైనికులంతా ఒకే రోజు పుట్టి, ఒక్క యుద్ధమూ చెయ్యకుండా రిటైరయ్యారు.

ఆ గీత కింద పడ్డవాళ్ళలో గరాచర్మ గ్రామంలో ఉండే హవల్దార్ పోలిరాజు గారు ఒకరు. విజయనగరం వైపు నుంచి పట్టాళంలో చేరి, రెండు యుద్ధాలు చేసి, ఇక్కడికొచ్చి స్థిరపడిన మనిషి. అరవై అయిదు యుద్ధానికి ఒకటి, డెబ్భై ఒకటికి ఒకటి, తొడలో దిగిన తూటాకి ఒకటి, మొత్తం మూడు పతకాలు. ఏటా జనవరి ఇరవై ఆరున వాటిని గుండె మీద పెట్టుకుని మాజీ సైనికుల వరసలో నడుస్తారు. మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ ఆయన ఆ ఒక్క రోజు కోసమే బతుకుతారని వాళ్ళావిడ గవరమ్మ గారి ఫిర్యాదు. ఈసారి, రికార్డులో పతకం లేనివాళ్ళు పతకం పెట్టుకుని నడవరాదని ఉత్తర్వు వచ్చింది.

ప్రకటన వెలువడిన మర్నాడే ఆయన మూడు పతకాలూ పెట్టుకుని ఆఫీసుకొచ్చారు. చెవి సరిగ్గా వినపడదని నన్నూ లోపలికి తోడు రమ్మన్నారు.

"ఇయిగో సాబ్, మెడల్స్. కాయితంలో ఎక్కించండి" అన్నారు అధికారి ముందు నిటారుగా నిలబడి.

గణేశ్వరరావు గారు పతకాలకి చేతులు జోడించారు. "గ్రేట్ సర్వీస్ అండీ. కానీ ఇవి మీవేనని ప్రూఫ్ ఏమిటి?"

"అంచు మీద నా నంబరూ పేరూ చెక్కుంటాయి సాబ్. సూడండి."

అధికారి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "ఉన్నాయి. కానీ గెజిటెడ్ ఆఫీసర్ అటెస్టేషన్ లేదు."

"తమరు గెజిటెడ్డే కదండీ?" అన్నాను నేను.

"నేనే. కానీ ఇంత సన్నటి అంచు మీద నా స్టాంపు పట్టదు."

నిబంధనలంటే అంత నిష్ఠ. అలాగని జాలి లేని మనిషి కాదు, దారి కూడా ఆయనే చూపించారు. సునామీ తర్వాత మా ఊళ్ళో ఏ పని కావాలన్నా ఒకటే ఫారం, నష్ట నివేదిక. పడవ పోయినవాడూ, ఇల్లు పోయినవాడూ, రేషన్ కార్డు పోయినవాడూ అదే నింపారు. మిగతా ఫారాలన్నీ ఆ గోదాములోనే పోయాయి.

"రికార్డులో కొత్తగా చేర్చడానికి ఫారం లేదండీ. పోయినదాన్ని చేర్చడానికి ఉంది. మూడు పతకాలూ సునామీలో పోయాయని రాసివ్వండి. ఇమ్మీడియట్‌గా ఎక్కించేస్తాను."

పోలిరాజు గారు తలవంచి తన గుండెకేసి చూసుకున్నారు. "పోనేదు కదా సాబ్. ఇక్కడే ఉన్నాయి."

"ఉన్నవాటికి ఫారం లేదండీ."

"ఉన్నదాన్ని పోయిందని ఎలగ రాస్తాను? జెండాకి సెల్యూట్ కొట్టిన సెయ్యి సాబ్ ఇది."

"మీ ఇష్టం. పోయాయంటే ఇరవై ఆరో తారీకు లిస్టులో మీరుంటారు. పోలేదంటే ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తారు."

ముసలాయన మూడు పతకాల్నీ వేళ్ళతో ఒకసారి తడుముకుని, నాకేసి తలూపారు. నాకు పాపం అనిపించింది. అయినా టైపిస్టుకి పాపం వేరు, మిషన్ వేరు. "సునామీలో పోయినవి: పతకాలు మూడు" అని గేటు బయటికెళ్ళి టకటకా కొట్టుకొచ్చాను. ఆయన సంతకం పెట్టారు. ఆ పూట ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదని గవరమ్మ గారు తర్వాత నన్ను నిలబెట్టి తిట్టారు.

సంతకం ఆరకముందే గణేశ్వరరావు గారికి ఇంకో ధర్మసందేహం వచ్చింది. పోయాయని రాసిచ్చిన పతకాలు అదే మనిషి గుండె మీద ఉంటే రికార్డు అబద్ధమైపోదూ?

"కాబట్టి అవి ఇక్కడ డిపాజిట్ చెయ్యండి. సేఫ్ కస్టడీ."

"పరేడ్ నాటికి ఇచ్చేస్తారు కదా సాబ్?"

"ఎందుకివ్వం? రికార్డు రానివ్వండి."

పోలిరాజు గారు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టారు. గుమాస్తా రసీదు రాసిచ్చాడు: "లోహపు బిళ్ళలు మూడు. యజమాని: తెలియదు." యజమాని పేరు వేస్తే అవి పోయినవి కాకుండా పోతాయనీ, కేసు దెబ్బతింటుందనీ అధికారి గారు ఓపికగా వివరించారు. ఇంత లోతుగా ఆలోచించే బుర్ర మన దేశంలో ఫైళ్ళకే అంకితమైపోతోంది.

ఇరవై తొమ్మిదో రోజున రికార్డు వచ్చింది. మాటంటే మాటే. గుండ్రటి స్టాంపు, ఆకుపచ్చ సంతకం, ఫొటో మీద సగం సీలు. పోలిరాజు గారు దాన్ని కళ్ళకద్దుకుని పతకాలడిగితే, గుమాస్తా బీరువా తెరిచి చూపించాడు. ఖాళీగా ఉంది.

"పరేడ్ డ్యూటీ మీద వెళ్ళాయి బాబాయ్. గ్రౌండుకొచ్చెయ్యి, అక్కడే ఉంటాయి."

ఇరవై ఆరో తారీకున ఆయన ఇస్త్రీ కోటు వేసుకుని గ్రౌండుకొచ్చారు. పతకాలిచ్చే మనిషి కోసం గేటు దగ్గర అటూ ఇటూ చూశారు. ఎవరూ రాలేదు. ఈలోగా బ్యాండు మొదలైంది. ఉత్త కోటుతోనే వరసలో నిలబడ్డారు. నేను గవరమ్మ గారి పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

బళ్ళు, బోట్లు, కొబ్బరి మొక్కల శకటాలు వెళ్ళాక, పూలతో అలంకరించిన ఒక లారీ వచ్చింది. మీద ఎర్ర మఖమలు, గాజుపెట్టె. పక్కన గణేశ్వరరావు గారు సెల్యూట్ చేస్తూ నిలబడి ఉన్నారు. మైకులో ఆడగొంతు ఉద్వేగంగా వినపడింది: "సునామీ అలల నుంచి రికార్డుల విభాగం ప్రాణాలకు తెగించి కాపాడిన అజ్ఞాత వీరుడి పతకాలు!"

గ్రౌండంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను, ఏం చేస్తాం. గవరమ్మ గారు మాత్రం కూర్చునే కేకేశారు.

"ఓలమ్మో! అయి మాయే కదేటి! ఆ మజ్జిదాని రిబ్బను సిరిగితే నల్లదారంతో కుట్టింది నానే!"

అప్పటికే పోలిరాజు గారు వరస తప్పి లారీ వైపు నడుస్తున్నారు. నలభై ఏళ్ళలో ఆయన వరస తప్పడం అదే మొదలు. ఓ కుర్ర కానిస్టేబుల్ పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"రుకియే దాదాజీ. ఎక్కడికి?"

"అయి నాయి బాబూ. నా మెడల్స్."

"ప్రూఫ్ ఉందా?"

"ఉంది. గవర్మెంటు కాయితమే ఉంది" అంటూ ఆయన కోటు లోపల్నుంచి సవరించిన రికార్డు తీసి, రెండు చేతులతో అందించారు.

కానిస్టేబుల్ మంచివాడు. పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు. చదువుతున్నంతసేపూ లారీ నెమ్మదిగా వేదిక ముందు నుంచి సాగిపోతోంది.

"ఇందులో క్లియర్‌గా రాసుంది కదా దాదాజీ" అన్నాడు జాలిగా, కాగితం మడిచి ఆయన చేతిలో పెడుతూ. "మీవి పోయాయి. అవి దొరికినవి."