పిలిస్తే వచ్చే బండి

ఆ ఉదయం వోల్టేజి వేసుకున్న పథకం చాలా చిన్నది. లైబ్రరీ కమిటీ అధ్యక్షురాలు తనిఖీకి వస్తుంది. ఆమె ముందు తను తయారుచేసిన బండిని నడిపి చూపించాలి. ఆమె మెచ్చుకోవాలి. బాబాయి ఉద్యోగం నిలబడాలి. అంతే! ఈ సందట్లో ఖాళీగా ఉన్న పర్యవేక్షకుడి పదవి తన ఒళ్లో వచ్చి పడితే మాత్రం వద్దనే ఉద్దేశం అతనికి లేదు.

వోల్టేజి అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. అతను లైబ్రరీలో ఎలక్ట్రీషియన్. అతని ఉత్సాహం ఎప్పుడు ఎగబాకుతుందో, ఎప్పుడు చప్పున చల్లారిపోతుందో ఎవరికీ అంతుపట్టదు కాబట్టి సిబ్బంది ఆ పేరు ఖాయం చేశారు. బాబాయిదీ అదే లైబ్రరీ. పాఠకులు చదివి వదిలేసిన పుస్తకాలను బండి మీద వేసుకుని, తోసుకుంటూ వెళ్లి, ఏ అరలోవి ఆ అరలో సర్దడం ఆయన పని. అమ్మానాన్నలు లేని వోల్టేజిని పెంచి పెద్దచేసిందీ, కరెంటు పని నేర్పించిందీ ఆయనే. ఈ మధ్య ఆయనకు నడుము పట్టేస్తోంది. బండి కదలడం తగ్గింది, బల్లల మీద పుస్తకాలు పేరుకుపోవడం పెరిగింది. డైరెక్టర్ ఒకరోజు పిలిచి, "ఇంక వచ్చే నెల నుంచి ఇంట్లో హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. ఆ పూట బాబాయి భోజనం మధ్యలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. హాయిగా ఉండమంటే ఏం చేయాలో ఆయనకు ఈ వయసులో ఎవరు నేర్పుతారు?

అది చూసి వోల్టేజి ఊరుకోలేకపోయాడు. బాబాయి తోయనక్కర్లేకుండా దానంతట అదే నడిచే బండి ఒకటి చేసి తీరాలని పట్టుబట్టాడు. ఇంతవరకు మంచి ఉద్దేశమే. అయితే పని మొదలుపెట్టాక అతని మీద విశ్వామిత్రుడు పూనాడు. పాతసామాన్ల కొట్లో దొరికిన చక్రాల కుర్చీ మోటారు ఒకటి, భార్య కుట్టుమిషన్‌కు ఉండాల్సిన దీపాలు రెండు, సొంత ఇంటి గుమ్మం దగ్గరి మైకు, ఇంకా ఎక్కడివని అడక్కూడని సామాన్లు కొన్ని. ఇవన్నీ పాత పుస్తకాల బండికి బిగించాడు. దీపాలు కళ్లయ్యాయి. మైకు చెవయింది. టైలరు పని చేసే భార్య దానికి జేబులున్న నీలిరంగు తొడుగు కుట్టిపెట్టింది. ఆ బండి తత్వం ఒక్కటే. ఎక్కడ గట్టిగా చప్పుడైతే అక్కడికి వెళ్తుంది. ఎంత గట్టిగా పిలిస్తే అంత వేగంగా వెళ్తుంది.

ఇంట్లో పరీక్షించినప్పుడు భార్య వెనక గదిలోంచి "ఏమండీ!" అని కేకేసింది. బండి గిరుక్కున తిరిగి ఆమె ముందు వాలింది. వోల్టేజి ఆ తర్వాత తీరిగ్గా వచ్చాడు.

"మీకంటే ఇదే నయం. ఒక్క పిలుపుకే వచ్చేసింది" అంది ఆమె. చుట్టూ తిరిగి చూసి, "అవునూ, దీన్ని ఆపే బొత్తం ఏదీ?" అని అడిగింది.

"దానికి బొత్తం ఎందుకే? చప్పుడు లేకపోతే అదే ఆగిపోతుంది."

"చప్పుడు ఉంటేనో?"

"అది లైబ్రరీ! గోడగోడకీ నిశ్శబ్దం అని రాసుంది. అక్కడ అరిచేదెవరు?"

"రాసుందంటే ఎవరో అరుస్తున్నారనేగా" అంది భార్య, నోట్లోంచి సూది తీసి.

వోల్టేజి వినలేదు. హారను పెట్టడానికి తీరిక దొరికింది, రంగు వేయడానికి తీరిక దొరికింది, తొడుగు మీద తన పేరులో మొదటి అక్షరం కుట్టించడానికి కూడా తీరిక దొరికింది. బొత్తం సంగతి మాత్రం రేపు చూద్దామనుకున్నాడు. ఆ రేపే ఈ రోజు.

లైబ్రరీ మేడ మీద పొడవాటి చదువుల హాలు. ఒక చివర విద్యుత్ బోర్డు, పాత సూచికల బీరువా. రెండో చివర మెట్లు. మెట్ల పక్కన పాతబడ్డ కొయ్య కటకటాలు. కటకటాల మీంచి తొంగిచూస్తే కింద పిల్లల విభాగం, దాని పక్కనే బయటికి పోయే తలుపు.

అధ్యక్షురాలు డైరెక్టర్‌తో కలిసి వచ్చింది. తక్కువ మాట్లాడే మనిషి. వోల్టేజి ఒక అర దగ్గర నిలబడి చిన్నగా చిటిక వేశాడు. బండి పుస్తకాల మోతతో నెమ్మదిగా వచ్చి ఆగింది. ఇంకో అర దగ్గర వేశాడు. అక్కడికీ వచ్చింది. అధ్యక్షురాలి కనుబొమలు పైకి లేచాయి. డైరెక్టర్ అదేదో తనే కనిపెట్టినట్టు కోటు సవరించుకున్నాడు.

"ఆశ్చర్యంగా ఉందే! చాలా గొప్ప పని చేశారు" అంది అధ్యక్షురాలు.

జీవితంలో ఫ్యూజులు మార్చినందుకు తప్ప ఎవరి చేతా ఒక మంచి మాట అనిపించుకోని మనిషి వోల్టేజి. ఆ మాటతో అతని కాళ్లు నేల మీద ఆనడం మానేశాయి.

"అయితే ఇక పుస్తకాలు సర్దడానికి మనిషి అక్కర్లేదన్నమాట?" అని అడిగింది ఆమె.

"అక్కర్లేదండీ! ఇదొక్కటి చాలు" అన్నాడు వోల్టేజి.

అన్న తర్వాత చూశాడు. అర పక్కనే బాబాయి నిలబడి ఉన్నాడు, చేతుల నిండా పుస్తకాలతో. పుస్తకాలను మెల్లగా బల్ల మీద పెట్టి, ఒకదాని మీది దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఇంకేం? వచ్చే నెల దాకా ఆగడం కూడా దేనికి" అంటున్నాడు డైరెక్టర్.

"అది కాదు సార్, నా ఉద్దేశం..." అని వోల్టేజి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే కిటికీ పక్కన పేపరు చదువుతున్న పెద్దాయన తుమ్మాడు.

అది మామూలు తుమ్ము కాదు. కిటికీ అద్దాలు అదిరాయి. బండి కళ్లు అటు తిరిగాయి. పిలిచారు కదా అని ఒక్క ఉరుకున వెళ్లి పెద్దాయన కుర్చీని ఢీకొంది. "ఎవడ్రా అది!" అని ఆయన అరిచాడు. అరిచేసరికి బండి మరింత ఉషారుగా వెనక్కి వెళ్లి మళ్లీ గుద్దింది. ఆయన పేపరుతో సహా లేచి, తెలిసిన మనిషిలా కనిపించిన అధ్యక్షురాలి వెనక్కి పరిగెత్తాడు. బండి తన మీదికే వస్తుండటం చూసి, తక్కువ మాట్లాడే ఆమె కూడా "అమ్మో" అంది. అంతే, బండి పెద్దాయనను వదిలేసి ఆమె వెంటపడింది. హాలంతా లేచి నిలబడింది. ఎవరు కేక పెడితే వాళ్ల దగ్గరికి వెళ్తోంది, వెళ్లగానే వాళ్లు ఇంకా పెద్ద కేక పెడుతున్నారు. పాపం దానికి అంత ఆదరణ ఇంతవరకు ఎవరూ చూపలేదు.

"నిశ్శబ్దం! నిశ్శబ్దం!" అని డైరెక్టర్ బొబ్బ పెట్టాడు. ఆ హాలులో అంత పెద్ద చప్పుడు అంతకుముందెన్నడూ పుట్టలేదు. బండి ఆయనను తన కన్నతండ్రిగా గుర్తించింది. ఆయన పక్కనున్న నిచ్చెన ఎక్కేసి, పై మెట్టు మీద నుంచి, "ఎవరిదిది? ఎవడు చేశాడు దీన్ని? పోలీసులకు పట్టిస్తా!" అని అరుస్తూనే ఉన్నాడు. బండి నిచ్చెనను పొడుస్తూనే ఉంది.

అందరూ కాసేపు నోళ్లు మూసుకుంటే ఆగిపోతుంది. ఆ రహస్యం తెలిసిన ఏకైక వ్యక్తి బయటికొచ్చి చెప్పాలి. ఆ ఏకైక వ్యక్తి పోలీసులన్న మాట వినపడగానే సూచికల బీరువా వెనక చతికిలపడ్డాడు. వోల్టేజి పూర్తిగా పడిపోయింది. బండి ఎవరిదో తనకు తెలియదు. అసలు తనకు కరెంటు పనే తెలియదు.

ఈలోగా ఎవరో తెలివైనవాళ్లు అగ్నిప్రమాదం గంట నొక్కారు. ఆ గంట మెట్ల దగ్గర, కటకటాలకు సరిగ్గా పైన ఉంది. బండి నిచ్చెనను వదిలేసి హాలు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే పరుగున వెళ్లి కటకటాలకు గుద్దుకుంది. వెనక్కి వచ్చింది, మళ్లీ గుద్దింది. కొయ్య కిర్రుమంది. కింద పిల్లల విభాగంలోని పసివాళ్లు, వాళ్ల అమ్మలు, అందరూ గంట విని ఆ తలుపు దగ్గరే తోసుకుంటున్నారు. బండి నిండా ఇనప్పెట్టెల్లాంటి నిఘంటువులు.

"ఎవరిదీ బండి?" నిచ్చెన మీంచి డైరెక్టర్ మళ్లీ గర్జించాడు.

"నాదేనండీ" అన్నాడు బాబాయి. "నడుము నొప్పని నేనే చేయించుకున్నాను. పిల్లవాడికేం తెలీదు."

అని ఊరుకోలేదు. నడుము పట్టుకుని గబగబా వెళ్లి బండి వెనక కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. అది ఆయనను కూడా ఈడ్చుకుపోయింది.

బీరువా సందులోంచి అది చూసిన వోల్టేజికి భయం ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గు మాత్రం నిలువునా ముంచేసింది. లేచాడు. పక్కనే ఉన్న బోర్డులోంచి గంట తీగను పుటుక్కున పీకాడు. గంట ఆగింది గాని అరుపులు ఆగలేదు. ఆగమని చెబితే వినే స్థితిలో ఎవరూ లేరు. ఇక మిగిలిన దారి ఒక్కటే. కటకటాలకు దూరంగా, హాలు ఈ చివర గోడకు వీపు ఆనించి, ఊపిరంతా గుండెల్లోకి లాక్కుని అరిచాడు.

"అది బాబాయిది కాదు! నాది! నేనే చేశాను!"

బండి ఆగింది. కళ్లు ఇటు తిప్పింది. బాబాయి చేతుల్లోంచి విడిపించుకుని బయల్దేరింది. వోల్టేజి ఊపిరి తీసుకోవడానికి ఆగేసరికి మెట్ల దగ్గర ఎవరో "బాబోయ్" అన్నారు. బండి మళ్లీ అటు తిరగబోయింది. ఆగితే లాభం లేదు, అరుస్తూనే ఉండాలి. కంగారులో ఏం అరవాలో తోచలేదు. తోచినవన్నీ నిజాలే.

"ఆపే బొత్తం పెట్టలేదు! మా ఆవిడ చెప్పినా వినలేదు! చక్రాలు డైరెక్టర్ గారి కుర్చీవి! రిపేరుకు వెళ్లిందని అబద్ధం చెప్పాను! బ్యాటరీ పక్కింటాయన స్కూటర్‌ది! ఆయన ఊళ్లో లేడు!"

హాలులో అరుపులు ఒక్కొక్కటీ తగ్గాయి. ఇంత ఆసక్తికరమైన విషయాలు చెబుతుంటే మధ్యలో అరవడానికి ఎవరికి మనసొప్పుతుంది? డైరెక్టర్ కూడా నిచ్చెన మీద చెవి రిక్కించాడు. బండికి ఇప్పుడు వినపడుతున్నది ఒకే గొంతు.

"మనిషి అక్కర్లేదన్నాను! అదీ అబద్ధమే! పొగిడేసరికి కళ్లు నెత్తికెక్కాయి! బాబాయి లేకపోతే నేనే లేను!"

చివరి మాట పూర్తయ్యేసరికి బండి వచ్చి అతని మోకాళ్లను తాకింది. తాకింది అనడం మర్యాద కోసం. వోల్టేజి కిందపడి "అబ్బా" అన్నాడు. అది మళ్లీ పొడిచింది. "అయ్యో" అన్నాడు, ఇంకోసారి పొడిచింది. బాబాయి రొప్పుతూ వచ్చి పక్కన కూలబడి, అరచేత్తో అతని నోరు గట్టిగా మూసేశాడు.

"ఊరుకో నాన్నా. ఒక్క నిమిషం ఊరుకో."

నిశ్శబ్దం. గోడల మీద రాసి ఉన్న మాటకు ఆ హాలు మొదటిసారి పూర్తిగా కట్టుబడింది. బండి కళ్ల దీపాలు మెల్లగా ఆరిపోయాయి. బాబాయి వంగి, అతను చూపించిన తీగను ఊడదీశాడు.

ఆ తర్వాత చాలాసేపు అందరూ గుసగుసల్లోనే మాట్లాడుకున్నారు. డైరెక్టర్ నిచ్చెన దిగి, "దీన్ని తక్షణం తుక్కులో పారేయించాలి మేడం" అని గాలి మాత్రమే వచ్చేలా అన్నాడు.

"పారేయకండి" అన్నాడు వోల్టేజి, నేల మీద కూర్చునే. "తప్పు దానిది కాదండీ. పిలిస్తే రావడం ఒక్కటే నేర్పాను, అది వచ్చింది. మిగతాది నేర్పాల్సినవాణ్ణి బీరువా వెనక దాక్కున్నాను."

అధ్యక్షురాలు పెద్దాయన చిందరవందర చేసిన తన కొంగు సర్దుకుంది. "ఇందాక దీనికి మనిషి అక్కర్లేదన్నారు?"

"ఇదివరకు ఒక్కరితో సరిపోయేది మేడం. ఇప్పుడు ఇద్దరు కావాలి. నడపడానికి ఒకరు, నడిపేవాణ్ణి ఆపడానికి ఒకరు."

ఆమె నవ్వింది. చప్పుడు రాకుండా నవ్వింది. తర్వాత డైరెక్టర్ వైపు తిరిగింది. "బండి ఉంటుంది. బొత్తం పెట్టాకే కదులుతుంది. చక్రాలు మీ కుర్చీకి వెళ్తాయి, బ్యాటరీ స్కూటర్‌కు వెళ్తుంది. పర్యవేక్షకుడి పదవి ఖాళీగా ఉందన్నారు కదా? అది ఈయనకు ఇవ్వండి."

ఈయన అంటే తనేనని వోల్టేజి ఒక్క క్షణం అనుకున్నాడు. పాత అలవాటు. ఆమె చూపు బాబాయి మీద ఉంది.

"నాకా! నాకు యంత్రాలంటే ఏం తెలుసమ్మా?" బాబాయి తడబడ్డాడు.

"మీది కానిదాన్ని కూడా నాదే అన్నారు. ఇంక మీ చేతికి అప్పగించినదాన్ని వదిలేస్తారా?"

బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. వోల్టేజికి అసూయ పుట్టాలి. పుట్టలేదు. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయి, మోకాళ్లు అంత సలుపుతున్నా లోపల ఎంతో హాయిగా ఉంది. "బాబాయ్, రేపు బొత్తం పెడతాను. పళ్లెమంత పెద్దది" అన్నాడు.

"రేపు కాదు, ముందు లే" అని బాబాయి చెయ్యి అందించాడు. వోల్టేజి లేవబోయి మళ్లీ చతికిలపడ్డాడు.

ఆ విధంగా పర్యవేక్షకుడి హోదాలో బాబాయి సంతకం చేసిన మొట్టమొదటి కాగితం, మోకాళ్ల వాపు కారణంగా ఎలక్ట్రీషియన్ పెట్టుకున్న సెలవు చీటీ.