పన్నెండు మీటర్లు తక్కువ

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో నేను ఇంజనీరమ్మ పక్షం. జరిగింది వింటూ పోతే మీరూ కాసేపటికి ఇటువైపే వస్తారు. చివరిదాకా ఉంటారో లేదో మాత్రం హామీ ఇవ్వలేను.

ఇంజనీరమ్మ అని ఇంట్లో పెట్టిన పేరే అయినా, ఆమె నిజంగానే ఇంజనీరు. నీటి పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో డిజైన్ పని. నాలుగు నెలల కిందట తన జీతంతో పాత క్వాడ్ ఒకటి కొనుక్కుంది. నాలుగు లావు చక్రాలు, మోటార్‌సైకిల్ హ్యాండిలు, కింద కోపిష్టి టూ-స్ట్రోక్ ఇంజిన్. దానిమీద ఊరి బయట ఇసుక దిబ్బ ఎక్కి, అక్కడి క్వాడ్ క్లబ్బు జట్టులో చేరాలని ఆమె కోరిక. రెండు నెలలుగా ఎనిమిదిసార్లు ప్రయత్నించింది. ఎనిమిదిసార్లూ బండి శిఖరానికి సరిగ్గా పన్నెండు మీటర్ల ముందు ఊపిరి వదిలేసింది. ప్రతిసారీ తాడేసి కిందికి లాగారు.

అది కూడా ఆమె భరించేదే. కానీ మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడేసుకుని తిరిగే ట్రాక్ పెద్దాయన పోయిన వారం, "పోనీలే అమ్మా, సరదాకి కింద మైదానంలో తిప్పుకో," అన్నాడు. ఆ 'సరదాకి' ఆమెకి అరికాల్లో గాజుపెంకులా గుచ్చుకుంది. జట్టులో ఒక్క స్థానమే మిగిలింది. దానికి ఈ ఆదివారం పదకొండు గంటలకి ఆఖరి అవకాశం. నిబంధన కూడా ఒక్కటే: ఇంజిన్ కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. ప్లగ్గు, కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్ళే చిన్న ఇత్తడి జెట్టు, ఈ రెండే మార్చుకోవచ్చు. ఇంకేం ముట్టుకున్నా పేరు కొట్టేస్తారు.

కాబట్టి ఆదివారం ఉదయం ఆమె పథకం చాలా చిన్నది. జెట్టు మార్చడం, బిగించడం, టిఫిన్ తిని బయల్దేరడం. మొత్తం నలభై నిమిషాలు. ఆరున్నరకి భోజనాల బల్లమీద పేపరు పరిచి, కార్బురేటర్ విప్పి, ముక్కలన్నీ వరసగా పేర్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. అక్కడే దెబ్బ తింది.

వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి బల్ల చూసింది. ముక్కలు లెక్కపెట్టింది. ఇరవై మూడు దాటాక లెక్క ఆపేసి పెద్దల్లుడికి ఫోన్ చేసి, ఇంజిన్ ముక్కలైపోయింది బాబూ, బల్ల నిండా ఉంది, పిల్ల బాత్రూంలో తలుపేసుకుంది, అని చెప్పింది. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. అదే బాధ.

బావ ఇరవై నిమిషాల్లో దిగాడు. చంకలో స్నేహితుడి బండిది ఒక పొగగొట్టం ఉంది. పాములా వంకర్లు తిరిగి మధ్యలో లావుగా ఉబ్బిన గొట్టం. పవర్ అంతా పైపులోనే ఉంటుందనీ, తాను నూట పదహారు వీడియోలు చూశాననీ వీధిలోంచే చెప్పుకుంటూ వచ్చాడు.

"బావా, పైపు మార్చకూడదు. రూలు."

"చూడ్డానికి ఒకేలా ఉంటుంది మరదలా. ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

ఆ జవాబు ఆయన చెవిదాకా వెళ్ళలేదు. ఆమె కార్బురేటర్ బిగించేలోపు పాత పైపు ఊడదీసి కొత్తది పెట్టి చూశాడు. పట్టలేదు. పట్టకపోతే మనుషులు పైపు వెనక్కి తీసుకుంటారు. బావ రంపం తీసుకుని, ఫ్రేముకి పైపుని పట్టి ఉంచే ఇనుప పట్టీని కోసేశాడు. అప్పటికీ పట్టలేదు.

ఆ రంపం చప్పుడికి మేడమీద గదిలోంచి మామయ్య, అంటే వాళ్ళమ్మ అన్న, దిగి వచ్చాడు. ఆయన ముప్పై ఏళ్ళు పడవ ఇంజిన్లు బాగుచేసి రిటైరైన మనిషి. బండి కొన్న కొత్తలో ఆయన ఒకసారి బ్రేకు సరిచేస్తానని చక్రం ఊడదీసి రెండు రోజులు బిగించలేదు. అప్పుడు ఆమె, నా బండిమీద చెయ్యేస్తే ఊరుకోనని గట్టిగానే చెప్పింది. ఈరోజు మాత్రం తెగిన పట్టీ చూడగానే ఆయనకి ఆ మాట గుర్తులేకుండా పోయింది. పట్టీ తెగిందంటే ఇంజిన్ వణికిందనీ, వణికిందంటే ఇంజిన్‌కి తలలా పైన ఉండే హెడ్డులో లోపమనీ, లేత్ మిషను మీద కాస్త గీకిస్తే బలం దానంతటదే వస్తుందనీ తేల్చేశాడు. పట్టీ కోసింది బావ అని చెప్పడానికి బావకి నోరు రాలేదు.

ఆమె కట్టుతీగ కోసం స్టోరు రూములో వెతుక్కుని బయటికి వచ్చేసరికి ఇంజిన్‌కి తల లేదు. అది మామయ్య స్కూటరు డిక్కీలో లేత్ ఆయన ఇంటికి వెళ్ళిపోయింది. ఒళ్ళు మండింది. అయినా అరిచేందుకు ఎదురుగా మామయ్య లేడు. బావ ఉన్నాడు. ఆయనమీద అరిచింది. వాళ్ళమ్మ అడ్డొచ్చి, సాయం చేయడానికి వచ్చినవాళ్ళని అలా అంటావేంటే అని మందలించింది. న్యాయం ఎటుందో మీరే చెప్పండి.

తొమ్మిదింటికి హెడ్డు తళతళలాడుతూ తిరిగి వచ్చింది. ఎంత గీకించారని అడిగితే మామయ్య, "తగినంత," అన్నాడు. గీకిన లోహం మళ్ళీ అతికేది కాదు. ఆమె ఇంకేం మాట్లాడకుండా హెడ్డు బిగించి, పాత పైపునే తీగతో కట్టి, కిక్కు కొట్టింది. రాలేదు. బావ కొట్టాడు. రాలేదు. మామయ్య కొట్టాడు. పందొమ్మిదో కిక్కుకి ఇంజిన్ ఒక్క దగ్గు దగ్గి అందుకుంది. వెనకే పొగ వచ్చింది.

మామూలు పొగ కాదు. తెల్లగా, జిడ్డుగా, వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దుప్పటి కప్పినట్టు. ఎదురింటి డాక్టరమ్మ ఆరేసిన తెల్ల పరదాలు కళ్ళముందే బూడిదరంగు తిరిగాయి. ఆవిడ ఫిర్యాదు చేయడానికి గుమ్మం దాకా వచ్చి, గుమ్మం కనబడక, ఇల్లే అంటుకుందనుకుని ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. గంట కొట్టుకుంటూ పెద్ద ఎర్ర బండి వచ్చింది. హెల్మెట్లు పెట్టుకున్న ఆరుగురు దిగారు. వాళ్ళమ్మ ఆరుగురికీ కుర్చీలు వేసింది.

ఫైర్ ఆఫీసర్ నీళ్ళ గొట్టం విప్పించలేదు. పొగలో నిలబడి రెండుసార్లు ముక్కు ఎగబీల్చాడు.

"ఇల్లు కాదు, బండి. నూనె ఎక్కువైంది. మా దగ్గర చేత్తో మోసుకెళ్ళే పంపు సెట్టుకీ ఇలాంటి ఇంజినే," అన్నాడు. "ఇందులో నూనె ఎవరు పోస్తారు?"

ఆ ప్రశ్న అడిగినందుకే ఇంజనీరమ్మకి ఆయనమీద గౌరవం కలిగింది. టూ-స్ట్రోక్ ఇంజిన్‌కి పెట్రోలుతో పాటు నూనె కూడా లోపలికి వెళ్ళాలి. కొందరు చేత్తో కలిపి పోస్తారు. కొన్ని బళ్ళలో విడిగా డబ్బా ఉండి, చిన్న పంపు దానంతటదే అందిస్తుంది.

"నేనే. లీటరుకి ముప్పై మిల్లీలీటర్లు. సిరంజితో కొలిచి కలుపుతాను. నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా తప్పలేదు."

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "సీటు కింద డబ్బాలో నేను పోస్తున్నా."

"ఏ డబ్బా?"

"నూనె డబ్బా. నువ్వు బండి తెచ్చిన రోజే చూశా, ఖాళీగా ఉంది. మర్చిపోయావేమోనని నింపా. అప్పట్నుంచి ప్రతి ఆదివారం నువ్వు స్నానానికెళ్ళగానే నింపుతున్నా."

ఆమె ఓపిగ్గా వివరించింది. ఆ డబ్బా ఖాళీగా ఉందంటే పాత యజమాని పంపు పీకేశాడని అర్థం. రేసుల వాళ్ళు చేసే మొదటి పని అదే, క్లబ్బు కూడా దాన్ని మార్పుగా లెక్కించదు. అందుకే తాను పెట్రోలులో కలుపుతోంది.

"పీకేస్తే," అన్నాడు మామయ్య నెమ్మదిగా, "నేను పోసిన నూనె వారం వారం ఎటు పోతోందే?"

ఆఫీసర్ స్క్రూడ్రైవర్ అడిగి తీసుకున్నాడు. నాలుగు స్క్రూలు, ఒక మూత. మూత కింద పంపు నిక్షేపంగా ఉంది. మీరేం చేస్తుంటారమ్మా అని ఆయన మర్యాదకే అడిగాడు. పంపులు డిజైన్ చేస్తానని చెప్పే బదులు ఆమె ఊడిన స్క్రూలు ఏరడం మొదలుపెట్టింది.

"నాకెందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెయ్యేస్తే ఊరుకోనన్నావు. పైగా ఇంజనీరువి. కలుపుతున్నావంటే దానికేదో లెక్క ఉంటుందనుకున్నా."

పొగ వెళ్ళే దారి నాలుగు నెలల రెట్టింపు నూనెతో మసిబారి సగానికి మూసుకుపోయింది. పందొమ్మిది కిక్కులకి లోపల పోగైన నూనె ఒక్కసారిగా కాలడంతోనే వీధంతా ఆ పొగ. ఆఫీసరూ మామయ్యా కలిసి గీకి శుభ్రం చేశారు. కొత్త ప్లగ్గు, ట్యాంకులో ఉత్త పెట్రోలు. పదీ యాభైకి బండి ట్రాక్ దగ్గర ఉంది. పదకొండుకి ఇంజనీరమ్మ దిబ్బ ఎక్కింది. ఎక్కడమంటే, ఆ పన్నెండు మీటర్లు ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియలేదు. అవతలి వాలులో సగందాకా వెళ్ళి గానీ ఆగలేదు. విజిల్ పెద్దాయన ఊదడం మర్చిపోయాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి కింద బావ చుట్టూ పదిమంది ఉన్నారు. తాను పైపు ఎలా తెచ్చిందీ, మామయ్య హెడ్డు ఎలా గీకించిందీ ఆయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. మామయ్య పక్కనే నిలబడి తలూపుతున్నాడు. అదే స్థానానికి పోటీపడి ఓడిపోయిన రైడరు ఒకడు అది విని నేరుగా వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాడు. ఆమె పేరుమీద ఎర్ర పెన్ను పడబోయింది.

"మీరిద్దరూ ఇంకేదైనా మిగిల్చారా?" అంది ఆమె. తమ గొప్పలే ఆమె పేరు కొట్టించబోతున్నాయని ఆ ఇద్దరికీ అప్పుడు అర్థమైంది.

తనిఖీ జరిగింది. పైపు కంపెనీదే, తీగతో కట్టి ఉన్నా సరే. హెడ్డు విప్పి కొలిచారు. కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు. ఇది మామయ్యకే అవమానంగా తోచి లేత్ ఆయనకి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు.

"ఎంత గీకాలో కనుక్కుందామని మీ ఇంటికి ఫోన్ చేశానండీ," అన్నాడు లేత్ ఆయన. "మీ చెల్లెమ్మ ఎత్తి, నాకేం తెలుసు, మీకు తోచినట్టు చెయ్యమన్నారు. నాకేం తోచలేదు. తుడిచి ఇచ్చేశా."

పెద్దాయన ఎర్ర పెన్ను మూత పెట్టాడు. కానీ సందేహం పోలేదు. ఏ మార్పూ లేకుండా వారంలో ఇంత పవర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసి సంతకం పెట్టాలన్నాడు. ఫిర్యాదు వచ్చిన చోట ఆ వివరణ మైకులో చదవాలి. అదీ నిబంధనే. రాయకపోతే స్థానం లేదు. ఆమె బావని చూసింది, మామయ్యని చూసింది. పొద్దున్నుంచీ పోగుచేసుకున్న కోపమంతా చేతిలో ఉంది, వెయ్యడానికి మనిషి లేడు. కాగితం అందుకుని రెండు వాక్యాలు రాసింది. పెద్దాయన మైకులో ఒక్కో మాటా విడదీసి చదివాడు: "బండికి నూనె పంపు ఉందో లేదో మూత తీసి చూడకుండా, నాలుగు నెలలు నూనె కలిపి పోశాను. ఈరోజు మానేశాను."

నవ్వులు వినడానికి సిద్ధపడి ఇంజనీరమ్మ కళ్ళు మూసుకుంది. నవ్వులు రాలేదు. తెరిచి చూస్తే, మైదానం నాలుగు మూలలా రైడర్లు ఎవరి బండి సీటు వాళ్ళు ఎత్తి కిందికి వంగి చూసుకుంటున్నారు. అందరికంటే ముందు వంగింది ఫిర్యాదు రాసినవాడు.

మీరు బాగుచేసుకుంటున్న వస్తువుని మీకు తెలియకుండా ఇంట్లో ఇంకెవరైనా బాగుచేస్తూ ఉంటే ఏం జరిగిందో రాసి పంపండి. సంతకం అక్కర్లేదు.