ఏ పక్షమూ కాని పాస్టరు

పెద్దారవీడు దగ్గరి ఓ పల్లెలో ఏబేలు చిన్న చర్చికి పాస్టరు. పంచాయతీ ఎన్నికలు దగ్గరపడిన ఓ ఆదివారం పొద్దున టీ తాగుతూ ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. చర్చి ఎవరి పక్షమూ వహించకూడదు. సర్పంచి పదవికి పోటీపడుతున్న లింగయ్య పేరు గానీ, ఓబులమ్మ పేరు గానీ తన నోట రాకూడదు.

"మన పేటకు నీళ్లెవరిస్తారని అడగను గూడా అడగవా?" అంది భార్య జ్ఞానమ్మ.

"దేవుని సన్నిధిలో రాజకీయాలేంది?" అన్నాడు ఏబేలు.

ఆ రోజు ప్రసంగంలో ఆయన బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ ఎత్తుకున్నాడు. తండ్రి కొడుకు వేలికి ఉంగరం తొడిగాడనగానే వెనక వరుసల్లో చప్పట్లు మోగాయి. లింగయ్యది ఉంగరం గుర్తని ఏబేలుకు అప్పుడు గుర్తొచ్చింది. కంగారుపడి ఆ కథ అక్కడే వదిలేసి, దీపం వెలిగించి ఎవరూ కుంచం కింద పెట్టరన్న వాక్యం అందుకున్నాడు. ఈసారి ముందు వరుసలు చప్పట్లు కొట్టాయి. ఓబులమ్మది దీపం గుర్తు.

సాయంత్రానికి రెండు పక్షాలవాళ్లూ ఇంటిమీదికొచ్చారు. ఉంగరాన్ని మధ్యలో వదిలేశాడని వీళ్లు, దీపాన్ని రెండోది చేశాడని వాళ్లు. భయపడి ఆయన తర్వాతి ఆదివారం ప్రసంగమే మానేసి మౌన ప్రార్థన పెట్టాడు. అయ్యగారు ఎవరికో మాటిచ్చి నోరు కట్టేసుకున్నాడని ఊరు ఊరంతా అనుకుంది. చర్చి రెండుగా చీలింది. ఒక వైపు పాట ఎత్తుకుంటే రెండో వైపు గొంతు కలపడం మానేసింది.

ఓటేస్తే ఎవరో ఒకరికి వేసినట్లవుతుందని, పోలింగు నాడు ఆయన ఇల్లు కదల్లేదు. జ్ఞానమ్మ మాత్రం వరుసలో నిలబడి వేసి వచ్చింది.

లెక్కింపులో ఇద్దరికీ సమానంగా ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టినా అంతే. చీటీ తీయాల్సిందేనన్నాడు ఎన్నికల అధికారి. చీటీ తీయడానికి ఎవరి పేరు చెప్పినా ఏదో ఒక పక్షం ఒప్పుకోలేదు. చివరికి ఇద్దరికీ ఒకే పాళ్లలో కోపం తెప్పించిన మనిషి ఏబేలే కనిపించాడు. మనుషులు పోయి పిలుచుకొచ్చారు.

"నేనెవరి పక్షమూ కాదు నాయనా, నన్నొదలండి," అన్నాడాయన.

"అందుకే గదా అయ్యగారూ మిమ్మల్ని పిలిపించినాము," అన్నాడు లింగయ్య.

ఏబేలు చీటీ తీశాడు. ఓబులమ్మ పేరు వచ్చింది.

"ముందే ఓటేసుంటే ఒక్క ఓటుతో తేలిపోయేది," అంది వెంట వచ్చి పక్కనే నిలబడిన జ్ఞానమ్మ.

ఇక ఏ పక్షమూ కాదని తప్పించుకోవడానికి ఏమీ మిగలలేదని ఏబేలు, పేటకు నీళ్లెప్పుడిస్తారని కొత్త సర్పంచిని అందరి ముందూ అడిగాడు. త్వరలోనే ఇస్తానని ఆమెకు మాటివ్వక తప్పలేదు.

ఓటు వేయకుండా సర్పంచిని గెలిపించినవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే.