లేని మోకాలి నొప్పి

ఆ ఉదయం గడియారాలు బాగుచేసే ఆయన మంచం దిగుతూనే కుంటడం మొదలుపెట్టాడు. నిజానికి మోకాలికి ఏమీ కాలేదు. కొన్నాళ్లుగా భార్య గొంతు బొంగురుపోయి, ఎంతకీ తగ్గడం లేదు. డాక్టరుకు చూపించుకోమంటే, "నా గొంతుకేం, గుండ్రాయిలా ఉంది. ముందు మీ సంగతి చూసుకోండి" అని నోరు మూయించింది. అందుకని తన కాలు నెపంతో ఆమెను తీసుకెళ్లి, అక్కడ మెల్లగా గొంతు మాట ఎత్తాలన్నది ఆయన పథకం.

అందులో ఒకటే లోపం. ఆయన ఒక మాట అనాలంటే ముందు దాన్ని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి గానీ బయటికి వదలడు. ఈలోగా ఆమె నాలుగు మాటలు అనేస్తుంది. పెళ్లయిన నాటినుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆయన తరఫున జవాబు చెప్పేది ఆమే. ఆ ఏర్పాటు ఇద్దరికీ సుఖంగానే ఉండేది.

డాక్టరు తలెత్తకుండానే బాధేమిటని అడిగాడు. "మోకాలండీ. మెట్టెక్కితే ప్రాణం పోతోంది ఈయనకి" అంది ఆమె. ఎన్నాళ్లనుంచి, నిద్ర ఎలా, ఆకలి ఎలా, అన్నింటికీ ఆమే చెప్పింది. మధ్యలో గొంతు సవరించుకుంది. ఆయన "అసలు సంగతేంటంటే" అనేసరికి డాక్టరు మందులు రాసేసి, తరువాతి వాళ్లను పిలిచాడు.

మాత్రలు ఆమె దగ్గరుండి మింగించింది. వాటితో కడుపులో మంట పుట్టింది. మళ్లీ వెళితే మంటకు మాత్రలిచ్చారు. వాటితో కళ్లు తిరిగాయి. ఆ తిరుగుడులో ఆయన కుంటవలసిన కాలు మరిచిపోయి రెండో కాలితో కుంటడం మొదలుపెట్టాడు. నొప్పి అటు కూడా పాకిందని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని డాక్టరుకు చెప్పింది. రెండు కాళ్లకూ ఎక్స్‌రేలు తీశారు. ఎముకలు నిక్షేపంగా ఉన్నాయి కాబట్టి జబ్బు ఇంకా లోతుగా ఉండి ఉంటుందని మరో మాత్ర కలిపారు. ఒంటరిగా వెళ్లి చెప్పి వద్దామని ఆయన ఒక సాయంత్రం చెప్పులు వేసుకుంటే, ఆ కాళ్లతోనా అని కోప్పడి, చేతికర్ర కొనిచ్చి తనూ బయలుదేరింది.

వెళ్లిన ప్రతిసారీ ఆమె చెప్పే బాధలు పెరిగాయి, గొంతు తగ్గింది. చివరికి ఒకరోజు డాక్టరు ఎలా ఉందని అడిగితే ఆమె పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గది నిశ్శబ్దమైపోయేసరికి డాక్టరు మొదటిసారి తలెత్తి చూశాడు.

"మీరే చెప్పండి" అన్నాడు ఆయనతో.

ఎన్నాళ్లుగానో బిగించి ఉంచుకున్న మాట కాబట్టి ఎక్కడా తడబడలేదు. "నా మోకాలికేం లేదండీ. ఈవిడ గొంతు చూపించాలనే వచ్చాను. మొదటిరోజు నుంచీ అందుకే వస్తున్నాను."

డాక్టరు టార్చి వేసి ఆమె గొంతులోకి చూశాడు. మెడ పక్కన తడిమాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి. పెద్దాసుపత్రికి చీటీ రాస్తూ, "మింగేటప్పుడు నొప్పి తెలియలేదా అమ్మా? ఇన్నాళ్లూ ఎందుకూరుకున్నారు?" అని అడిగాడు.

ఆమె భర్త చెవి దగ్గరికి వంగి గుసగుసగా ఏదో చెప్పింది. ఆమె తరఫున ఆయన జవాబు చెప్పవలసి రావడం అదే మొదలు.

"తెలుసటండీ. మెడలో గడ్డ సంగతి కూడా తెలుసట. నా మోకాలు నయమయ్యాక చూపించుకుందామని ఆగిందట."

డాక్టరు కలం మూసి పక్కన పెట్టాడు. కుర్చీ వాళ్ల దగ్గరికి లాక్కుని, మొదటినుంచీ చెప్పమన్నాడు. తొందరేం లేదన్నాడు.

తొందరపడవలసిన కాలం దాటిపోయింది గనుక, ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.