పన్నెండు వందల గజాల మర్యాద

దగ్గరగా కనిపించిన జంతువును కాల్చడం మర్యాదస్తుల లక్షణం కాదని మా డ్రై ఫోర్క్ ఊరి వేటగాళ్లందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఈ ప్రకటన దూరలక్ష్య సంఘం వారిది. సంఘానికి అధ్యక్షుడు గేలార్డ్ ప్రూయిట్ గారు. వృత్తిరీత్యా బీమా ఏజెంటు. ఆయన జన్మలో ఒక్క ఎల్క్‌నూ, అంటే మా కొండల్లో తిరిగే పెద్ద దుప్పినీ, కొట్టలేదు కానీ, ఇతరులు కొట్టిన వీడియోలన్నీ చూశాడు. మా మోంటానా రాష్ట్రంలో అంతకు మించిన అర్హత ఎవరూ అడగరు. నేను ఇదే ఊళ్లో కటింగ్ షాపు నడుపుతాను. అందరి తలలూ నా చేతుల్లోంచే వెళతాయి కనుక లోపల ఏముందో నాకు కాస్త తెలుసు.

ఆ ఏడాది ప్రభుత్వం వేట అనుమతులకు తీసే లాటరీలో వెండెల్ థార్ప్‌కు కొమ్ముల ఎల్క్‌ను కొట్టే అనుమతి తగిలింది. మా కొండల్లో ఆ అనుమతికి జనం మీసాలు రాగానే దరఖాస్తు పెట్టడం మొదలుపెట్టి, మోకాళ్లు అరిగాక అందుకుంటారు. అయినా వెండెల్ ఇంట్లో సంతోషం కన్నా తొందరే ఎక్కువ కనిపించింది. అతని మామ ఓర్వల్, ఆ ఇంటి హాల్లోనే వేసిన ఆసుపత్రి మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో పడి ఉన్నాడు. వచ్చే వేట కాలాన్ని ఆయన చూడడని డాక్టరు చెప్పేశాడు. ఆయన అడిగింది ఒక్కటే: ఉల్లిపాయలు వేసి వెన్నలో వేయించిన ఎల్క్ మాంసం, అదీ వెన్ను పక్క కండ. దుకాణం నుంచి తెచ్చిన గొడ్డుమాంసం పెడితే పళ్లెం అంచుకు తోసేసేవాడు.

"ఇది కూర్చుని తిన్న ఆవు అమ్మాయ్. కొండెక్కిన రుచి ఏదీ ఇందులో?" అని కూతుర్ని అడిగేవాడు.

ఆ కూతురే ఆర్లిస్, వెండెల్ భార్య. ఆమె ఫ్రీజరు మొత్తం ఖాళీ చేసి, కడిగి తుడిచి సిద్ధం చేసింది. భర్తకు అర్థమయ్యేలా చెప్పింది: "చూడు వెండెల్, కొమ్ములు నాకక్కర్లేదు, ఫొటోలక్కర్లేదు. నాన్నకి ఒక్క పూట కడుపు నిండాలి. అంతే."

ఇంత చిన్న పని సంఘం సహాయం లేకుండా ఎలా జరుగుతుంది?

ఓర్వల్ తన పాత తుపాకీ ఇస్తానన్నాడు. ఒక్కో తూటాకూ బోల్టు లాగి మూసే రకం. దానితోనే ఆయన ఊళ్లో సగం పెళ్లిళ్లకు విందు పెట్టాడు. తుపాకుల దుకాణం మెర్ల్ దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, జాలిగా నిట్టూర్చాడు. "మంచి వస్తువే, కాదనను. కానీ దీనితో కొట్టాలంటే ఎల్క్ దగ్గరికి నడిచి వెళ్లాలి కదా బాబూ!" అన్నాడు. నడవడం అనే మాట విని దుకాణంలో ఉన్నవాళ్లందరూ తలలు వంచుకున్నారు. మెర్ల్ దయగలవాడు. ఆ పాత తుపాకీని, కొత్తదాని మీద బిగించే దుర్భిణి, అదే స్కోపు, దాని మూతల ఖరీదు కింద జమ కట్టుకున్నాడు.

తరవాత తూటా సమస్య వచ్చింది. తూటా సైజును బట్టి మా ఊళ్లో రెండు మతాలున్నాయి: ఆరున్నర మిల్లీమీటర్ల వాళ్లు, ముప్పై నంబరు వాళ్లు. చర్చిలో ఎవరు ఏ బల్ల మీద కూర్చోవాలన్నది దీన్ని బట్టే తేలుతుంది. ఆరున్నర వాళ్లు తమ తూటా గాలిని చీల్చుకుని పోతుందంటారు. పోతుంది సరే, పోయి అక్కడ ఏం చేస్తుందని ముప్పై వాళ్లు అడుగుతారు. రెండూ ఎల్క్‌ను చంపుతాయని ఒకసారి కొత్త పాస్టరు నోరు జారాడు. ఆయన ఇప్పుడు పక్క రాష్ట్రం డకోటాలో ఉంటున్నాడు. వెండెల్ రెండు వర్గాలకూ మొహమాటపడి ఆరున్నర తుపాకీ కొన్నాడు, తిరిగిచ్చి ముప్పైది కొన్నాడు, చివరికి రెండింటికీ మధ్య రకం ఒకటి కొని ఇద్దరికీ శత్రువయ్యాడు. ఈలోగా వేట కాలం మొదలైంది.

ఆ పైన బరువు. దూరం కొట్టాలంటే తుపాకీ బరువుగా ఉండాలి, కొండెక్కాలంటే తేలిగ్గా ఉండాలి. ఈ చిక్కును మెర్ల్ ఒక్క మాటలో విడదీశాడు. తుపాకీ బరువు తగ్గించలేం కానీ మనిషి బరువు తగ్గించొచ్చు కదా అన్నాడు. వెండెల్ ఆ రోజు నుంచి హకిల్‌బెర్రీ పండ్ల తీపి రొట్టె ముట్టలేదు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశాడు. బూటు లేసుల చివరలు కత్తిరించాడు. తుపాకీ మీద బిగించిన స్కోపు మాత్రం ఓర్వల్ ఆక్సిజన్ సిలిండరుకు తమ్ముడిలా ఉంది. దానిలోంచి చూస్తే చంద్రుడి మీద గుంటలు కనిపిస్తాయని మెర్ల్ హామీ ఇచ్చాడు. చంద్రుడి మీద వేటకు ఇంకా అనుమతులు ఇవ్వడం లేదని నాలాంటి అజ్ఞానికి తోచింది కానీ, పైకి అనలేదు.

తుపాకీ కుదిరిందని సంఘం విందు చేసింది. గేలార్డ్ లేచి గ్లాసు మీద చెంచాతో కొట్టాడు. "సోదరులారా! మన తాతలు జంతువు కళ్లలోకి చూసి కాల్చేవాళ్లు. ఎంత మోటుతనం! ఎంత అనాగరికం! ఈ రోజు మన వెండెల్ భూమి వంపుని లెక్కలోకి తీసుకుంటాడు. జంతువుకీ మనకీ మధ్య ఒక గౌరవప్రదమైన దూరం ఉండాలి. ఆ దూరం పేరే నాగరికత!" అన్నాడు. చప్పట్లు ఆగలేదు. ఆ వారమంతా ఎల్క్‌లు ఊరి చివర గడ్డివాముల దగ్గరికొచ్చి మేసిపోయాయని తరవాత తెలిసింది. అంత దగ్గరి వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆర్లిస్ మాత్రం నా షాపుకొచ్చి, తండ్రి జుట్టు కత్తిరించడానికి ఇంటికి రమ్మని పిలిచింది. వెళ్లాను. దిండు మీద ఆ తల పిచ్చుక గూడంత తేలిగ్గా ఉంది. "మా అల్లుడు తుపాకీ ఎన్నుకున్నాడా?" అని అడిగాడు ఓర్వల్. ఎన్నుకున్నాడన్నాను. "హమ్మయ్య. ఇక ఎల్క్‌ని ఎన్నుకోవడమే కదా," అన్నాడు.

థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, వేట కాలం ముగిసే ముందు, ముగ్గురం కొండెక్కాం. వెండెల్ తుపాకీ మోశాడు, గేలార్డ్ సలహాలు మోశాడు, మిగతావన్నీ నేను మోశాను. తెల్లవారుతుండగా ఆస్పెన్ చెట్లలోంచి ఒక కొమ్ముల ఎల్క్ బయటికొచ్చింది. అరవై గజాల దూరం కూడా లేదు. ముక్కులోంచి వచ్చే ఆవిరి కనిపిస్తోంది. వెండెల్ తుపాకీ ఎత్తాడు. స్కోపు నిండా బొచ్చు తప్ప ఏమీ కనిపించలేదట. అది మెడో తోకో తేలకముందే గేలార్డ్ తుపాకీ గొట్టం మీద చెయ్యి వేశాడు.

"ఏంట్రా ఈ పని? అరవై గజాలా? ఈ తుపాకీతోనా? రేపు ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా?"

"మామయ్య తినాలి గేలార్డ్..." అని వెండెల్ నసిగాడు.

"తింటాడు. గౌరవంగా తింటాడు. పద వెనక్కి."

పాకుతూ వెనక్కి వెళ్లాం. వాగు దాటాం, ఎదుటి కొండ ఎక్కాం. ఆ ఎల్క్ సహనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. అది కాసేపు మా వైపు చూసి, మేం దూరం పెంచుకునే పనిలో ఉన్నామని గ్రహించి, కాళ్లు ముడుచుకుని పడుకుంది. దూరం కొలిచే యంత్రం తొమ్మిది వందల గజాలు చూపించింది. వెయ్యి లోపల అయితే పొరుగూరి వాళ్లు నవ్వుతారని గేలార్డ్ ఇంకా పైకి ఎక్కించాడు. పన్నెండు వందల దగ్గర శిఖరం అయిపోయింది. లేకపోతే ఐడహో రాష్ట్రం సరిహద్దు దాకా పోయేవాళ్లం.

అక్కడ ఫోనుకు సిగ్నల్ అందింది. వెండెల్ ముందు భార్యకు చెప్పాడు. "ఆర్లిస్, దొరికింది! ట్రక్కు తీసుకుని కింది రోడ్డు మీదికి రా. మంచు పెట్టెలన్నీ తీసుకురా!" ఆ గొంతులో ఆనందం నిజమైనది. అతను మంచివాడే, మామ మీద ప్రేమ ఉన్నవాడే. కాకపోతే సంఘ సభ్యుడు. తరవాత గాలి కొలిచాడు. ఇక్కడొక గాలి, వాగు మీద ఇంకొకటి, ఎల్క్ దగ్గర మూడోది. తూటా లెక్క కట్టే ఫోను యాప్ ముందు అప్‌డేట్ అవుతానని మొరాయించింది. ఆ కార్యక్రమం ముగిసి వెండెల్ తుపాకీ మీట నొక్కేసరికి ఎండ బాగా ఎక్కింది.

గుండు ఎటు పోయిందన్న విషయంలో సంఘంలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. ఎల్క్ మాత్రం లేచి, ఒళ్లు విరుచుకుని, గట్టు దాటి రోడ్డు వైపు పరుగెత్తింది. వెండెల్ మంచులో అలాగే పడుకుని ఉండిపోయాడు. గేలార్డ్ వంగి చెయ్యి కలిపాడు. "అభినందనలు! ఈ జిల్లాలో ఇంత దూరం నుంచి ఎవరూ గురి తప్పలేదు!" అన్నాడు.

అంతలో ఫోను మోగింది. ఆర్లిస్ గొంతు మాకు కూడా వినిపించింది.

"వెండెల్, నీ ఎల్క్ వచ్చి నా ట్రక్కుకి అడ్డం పడింది. గుద్దేశాను. అది అక్కడే పోయింది."

వెండెల్ మంచులోంచి ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. "నీకేం కాలేదు కదా? ఆర్లిస్!"

"మోచెయ్యి వాచింది. బండి ముందు భాగం అప్పడమైంది. నేను బాగానే ఉన్నా."

"ఎంత దూరం నుంచి కొట్టిందట?" అని గేలార్డ్ నన్ను అడిగాడు.

రోడ్డు మీద బండి తగిలి పోయిన జంతువును ఇంటికి తీసుకెళ్లే అనుమతి మా రాష్ట్రంలో ఫోన్లోనే దొరుకుతుంది. ఆ అనుమతి యాప్ అప్‌డేట్ అవుతానని అనలేదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో వెన్నలో ఉల్లిపాయలు వేగుతున్న వాసన వీధి దాకా వచ్చింది. ముసలాయన ప్రాణానికి సుఖంగా ఉంటుందని, ట్రక్కు సంగతి ఎత్తకూడదని వంటింట్లో అందరం ఒక మాట అనుకున్నాం.

ఓర్వల్ దిండ్లకు ఆనుకుని కూర్చుని, ముక్క తరవాత ముక్క, కళ్లు మూసుకుని నమిలాడు. పళ్లెం తుడిచి నాకినంత పని చేశాడు. ఆర్లిస్ కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను.

"ఎంత దూరం నుంచి కొట్టావురా అబ్బాయ్?" అని అల్లుణ్ణి అడిగాడు ముసలాయన.

వెండెల్ భార్య వంక చూశాడు, నా వంక చూశాడు. గేలార్డ్ గొంతు సవరించుకున్నాడు.

"పన్నెండు వందల గజాలు మామయ్యా."

ఓర్వల్ ఫోర్కు కింద పెట్టాడు. "అంత దూరం నుంచా? నువ్వున్నట్టే దానికి తెలియదు కదరా! వాసన చూసే వీలుందా, పారిపోయే వీలుందా? దాన్ని వేట అనరు. అంతకంటే రోడ్డు మీద ట్రక్కుతో గుద్దేసినా దానికి కాస్త మర్యాదగా ఉండేది." ఆయాసం తీర్చుకుని, ఇంకో ముక్క పెట్టమని పళ్లెం చాపాడు.

ఆర్లిస్ వంటింట్లోకి పరుగెత్తి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, వాచిన మోచెయ్యి పట్టుకుని నవ్వింది. అంత నవ్వు ఆ ఇంట్లో విని చాలాకాలమైంది. ఓర్వల్ మూడు పూటలు తిని, మంచు కరగకముందే వెళ్లిపోయాడు.

ఇదీ జరిగింది. నా షాపులో కూర్చున్న ప్రతివాడికీ ఇదంతా చెప్పాను. ముసలాయన ఆకలి గురించి చెప్పాను, ఆర్లిస్ మోచెయ్యి గురించి చెప్పాను, అరవై గజాల్లో నిలబడి ఆవిరి వదిలిన ఎల్క్ గురించి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు. కుర్చీ దిగుతూ మెడ మీద వెంట్రుకలు దులుపుకుని ఒక్కొక్కరూ ఒకే ప్రశ్న వేశారు. మీ నాలుక చివర ఉన్నది కూడా అదేనని నాకు తెలుసు: ఇంతకీ వెండెల్ చివరికి ఏ తుపాకీ కొన్నాడు?

మెర్ల్ దుకాణం ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. వెళ్లి అడగండి.