పరామర్శల లెక్క

బోయిగూడలో ఉండే స్టాటిస్టిక్స్ లెక్చరర్ జ్ఞానశేఖర్ ఆ ఉదయం వేసుకున్న ప్లాను చిన్నదే: సెలవు పెట్టి, గది తలుపు మూసుకుని, థీసిస్ చివరి అధ్యాయం ముగించడం. గైడు మధుసూదన్ గారు రిటైరై, ఆ సాయంత్రం రైలుకే ఊరెళ్లిపోతున్నారు. ఈలోగా ఆయన సంతకం పడకపోతే ఇన్నేళ్ల శ్రమా అటకెక్కుతుంది.

అధ్యాయం సంగతి ఇది. ఒక సంఘటన మరికొన్నింటిని పుట్టిస్తుంది, అవి ఇంకొన్నింటిని. ఒక్కొక్కటి సగటున ఒకటికంటే తక్కువ పుట్టిస్తే, ఎంత రభసైనా చివరికి అణిగిపోతుంది. ఎక్కువైతే ఇక పట్టపగ్గాలుండవు. "బతుకులోంచి ఒక్క ఉదాహరణ పెట్టవయ్యా" అని గైడు పట్టుబట్టారు. అదే తట్టడం లేదు.

పక్కింటి కాంతమణి వచ్చింది. "అన్న కాలేజీకి పోలేదా?"

"పడుకున్నారొదినా. ఎవర్నీ చూడనన్నారు" అంది ఆయన భార్య మేబెల్, ఇంట్లో నిశ్శబ్దం కోసం.

ఆ మాటకు జబ్బేననుకుంది కాంతమణి. ఆమె చర్చిలో స్త్రీల మైత్రి సంఘం కార్యదర్శి. ఎవరికి జబ్బు చేసినా, విన్నవాళ్లు మరో ఇద్దరికి చెప్పి ప్రార్థన చేయించాలన్నది వాళ్ల కట్టుబాటు. కాసేపటికే బ్రెడ్డు, బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు దిగాయి. మార్తమ్మ గుమ్మం ముందు చెప్పులు చూసి, "ఇంతమంది వచ్చిండ్రంటే జెర సీరియస్సే" అని హాల్లోంచే ఇంకో ఇద్దరికి ఫోన్ చేసింది.

జ్ఞానశేఖర్ ఉండబట్టలేక బయటికొచ్చాడు. "నాకేం లేదండీ, బాగానే ఉన్నా!"

"చూసిండ్రా! ప్రార్థన విన్నడు దేవుడు!" అంది కాంతమణి. స్వస్థత వార్తను కూడా తలా ఇద్దరికి చెప్పాల్సిందే. చెప్పులు మెట్లు దిగి వీధిలోకి పాకాయి.

"ఒకరికి ఇద్దరు, మేబెల్! ఇది ఆగదు" అన్నాడు గదిలో చతికిలబడి.

"ఆగుతుంది. ఆ కాగితాలు పట్టుకోండి" అని మేబెల్ హాల్లోకి వెళ్లింది. "ఆంటీ, ఆయన రాసింది ఎవరన్నా వింటే మనసు తేలికవుతుందంట. జెర కూచోండి."

జ్ఞానశేఖర్ పైకి చదవసాగాడు. రెండో పేజీకి మార్తమ్మకు పొయ్యి మీద పప్పు గుర్తొచ్చింది. మూడో పేజీకి, పరామర్శకొచ్చిన యెషయా తాతకు మందుల వేళయింది. పోతూ పోతూ, ఎదురొచ్చేవాళ్లను వీధి మొగలోనే ఆపాడు. "ఏందీ పరేషాన్? పిలగాడు మంచిగున్నడు. పోకుండ్రి."

కాంతమణి మాత్రం పదవికి తగ్గట్టు కూర్చుంది. "అన్నా, ఆమెన్ ఎక్కడ అనాలె?" అని ఒకసారి అడిగి, హార్లిక్స్ సీసా ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది.

జ్ఞానశేఖర్ ఖాళీ కుర్చీలను చూశాడు. "అంత బాగోలేదా?"

"నాకు బాగుంది. ఇల్లు ఖాళీ అయింది కదా!" అంది మేబెల్.

ఆయన ముఖం వెలిగింది. ఒకరు ఇద్దర్ని తెచ్చినప్పుడు రద్దీ పెరిగింది, వచ్చినవాళ్లే మిగతావాళ్లను వెనక్కి తిప్పితే అణిగింది. ఉదాహరణ దొరికింది! రాసేశాడు.

ఆఖరి వాక్యం పూర్తవుతుండగా గైడుగారు ఆటో దిగారు, ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో బత్తాయిలు. "సీరియస్ అన్నారేంటయ్యా!"

"బాగానే ఉన్నా సార్. అధ్యాయం అయిపోయింది. ఒక్కసారి వింటారా?" అంటూ జ్ఞానశేఖర్ మొదటి పేజీ తీశాడు.

గైడుగారు గడియారం వైపు చూశారు. "అద్భుతం. పెన్నియ్యి, నాకు రైలు వేళయింది" అంటూ సంతకం పెట్టి, ఆటో ఎక్కేశారు.

స్టేషన్ బోయిగూడకు పక్కనే. రైలుకు ఇంకా మూడు గంటలుంది.